జిల్లా వార్తా సంస్థకు ప్రకటనలా, చందాలా? అనంతపురం నుంచి ఒక లెక్క

"నగరంలోని ఓ ప్రైవేటు కళాశాలలో..." అని మొదలయ్యే వార్త చదవగానే అనంతపురం పాఠకుడికి రెండు సంగతులు ఒకేసారి అర్థమవుతాయి. ఆ కళాశాలలో ఏదో జరగకూడనిది జరిగింది. ఆ కళాశాల ఈ పేపరుకు ప్రకటనలు ఇస్తుంది. పేరేమిటో సాయంత్రానికల్లా టవర్ క్లాక్ దగ్గర టీ కొట్లో తెలిసిపోతుంది, పేపర్లో మాత్రం రాదు.

నేను పదేళ్లకు పైగా ఒక దినపత్రిక జిల్లా డెస్కులో పనిచేశాను. ఒక జూన్ నెలలో, ఫీజు బకాయి ఉందని పిల్లలకు టీసీలు ఇవ్వకుండా తిప్పుకుంటున్న ఒక విద్యాసంస్థ మీద మా విలేకరి వార్త తెచ్చాడు. మూడు రోజులు తిరిగాడు, తల్లిదండ్రుల సంతకాలు తీసుకున్నాడు. రాత్రి తొమ్మిదికి యాడ్స్ విభాగం నుంచి ఫోన్ వచ్చింది. మొదట ఫొటో పోయింది. తర్వాత పేరు పోయింది. చివరికి లోపలి పేజీలో ఆరు లైన్లు మిగిలాయి. ఆ ఆరు లైన్లకు కుదించింది నేనే. అడ్మిషన్ల సీజన్‌లో ఆ సంస్థ ఇచ్చే ఫుల్ పేజీలు ఆగిపోతే మా యూనిట్ ఆ నెల టార్గెట్ అందుకోలేదని అందరికీ తెలుసు, అందుకే డెస్కులో ఎవరూ నోరెత్తలేదు.

ఇప్పుడు గుంతకల్లు, ఆదోని, ప్రొద్దుటూరు, కదిరి లాంటి ఊళ్లలో సొంతంగా వారపత్రికో, యూట్యూబ్ చానెలో, వాట్సాప్ వార్తా సేవో నడుపుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఒకటే అడుగుతుంటారు: "అన్నా, యాడ్స్ మీద నడపాలా, చందా పెట్టాలా?" నా జవాబు ముందే చెప్పేస్తాను. రెండూ కావాలి. అయితే ఏ డబ్బుతో ఏ ఖర్చు పెట్టాలన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. విలేకరుల జీతం చందా డబ్బులోంచి రావాలి. కెమెరా, కొత్త ఎడిషన్, పండగ బోనస్, విస్తరణ ప్రకటనల డబ్బుతో చేసుకోవచ్చు. ఎందుకో వివరంగా చెప్తాను.

ప్రకటనల డబ్బు ఎలా వస్తుంది, ఎలా పోతుంది

ప్రకటనకు ఉన్న గొప్ప గుణం, ఒక్క సంతకంతో పెద్ద మొత్తం వస్తుంది. వందమంది పాఠకుల్ని ఒప్పించి వసూలు చేసేంత డబ్బు ఒక నగల దుకాణం ఒక్క అక్షయ తృతీయకు ఇవ్వగలదు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు, ధర్మవరం పట్టుచీరల షోరూములు, కర్నూలు ఆసుపత్రులు, మూడు జిల్లాల కాలేజీలు: మన దగ్గర ప్రకటనలిచ్చే పెద్ద చేతులు ఇవే. కొత్తగా మొదలుపెట్టిన సంస్థ మొదటి ఆరు నెలలు బతకాలంటే ఈ డబ్బు లేకుండా కుదరదు. దాన్ని చిన్నచూపు చూడమని నేను చెప్పను.

కానీ ఆ డబ్బు రావడానికి ఒక క్యాలెండర్ ఉంది. ఏప్రిల్, మే నెలల్లో పది, ఇంటర్ ఫలితాల ర్యాంకుల ప్రకటనలు. జూన్‌లో అడ్మిషన్లు. ఆషాఢంలో బట్టల కొట్ల తగ్గింపులు. దసరా, దీపావళి, సంక్రాంతి. ఉగాదికి, ఆగస్టు 15కి, నాయకుల పుట్టినరోజులకు శుభాకాంక్షలు. మధ్యలో మూఢం వచ్చిందంటే పెళ్లిళ్లు ఆగుతాయి, దానితో చీరలు, నగలు, కల్యాణ మండపాల ప్రకటనలూ ఆగుతాయి. విలేకరి ఇంటి అద్దె మాత్రం మూఢంలోనూ ఒకటో తేదీనే కట్టాలి.

అన్నిటికీ మించి, మన ప్రకటనల మార్కెట్ వాన మీద నడుస్తుంది. అనంతపురం సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఆగస్టులో బెట్ట కొట్టి శనక్కాయ ఊడలు దిగకపోతే, ఆ దెబ్బ ముందు రైతుకు తగులుతుంది, తర్వాత విత్తనాల, పురుగుమందుల అంగడికి, తర్వాత సంక్రాంతి నాటి బట్టల కొట్టుకు, ఆ తర్వాత మన ప్రకటనల రిజిస్టరుకు. సరిగ్గా అలాంటి ఏడాదే జిల్లాకు విలేకరి ఎక్కువ అవసరం. పంట నష్టం ఎవరు రాసుకున్నారు, బీమా ఎవరికి రాలేదు, వలస బస్సులు ఎటు పోతున్నాయి, ఇవన్నీ రాయాల్సిన సంవత్సరంలోనే విలేకర్లను తగ్గించాల్సి వస్తుంది. ఇది నేను కళ్లారా చూశాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు దేశమంతా ఇదే ఒకేసారి జరిగింది. దుకాణాలు మూతపడ్డాయి, ప్రకటనలు ఆగాయి, పేపర్ల పేజీలు తగ్గాయి, జిల్లా వార్తలకు చోటు కరిగిపోయింది. చదివేవాళ్లు తగ్గలేదు. ఫోన్లలో పీడీఎఫ్‌లు ఊరూరా తిరిగాయి. పాఠకుడు ఉన్నాడు, వార్త ఉంది, ఆ రెండిటి మధ్య డబ్బు దారి మాత్రం లేదు. అప్పటిదాకా పాఠకుడి దగ్గర అసలు ఖర్చు అడిగిన అలవాటే మనకు లేదు కాబట్టి. దినపత్రిక వెల ఎప్పుడూ తయారీ ఖర్చుకంటే తక్కువే ఉంటూ వచ్చింది, తేడా ప్రకటనకర్త భరించాడు. 2022లో యుక్రెయిన్ యుద్ధంతో న్యూస్‌ప్రింట్ ధర ఎగిసినప్పుడు ఆ తేడా ఇంకా పెరిగింది.

ప్రభుత్వ ప్రకటనల సంగతి వేరు. మొత్తం బాగుంటుంది, బిల్లు ఎప్పుడు పాసవుతుందో చెప్పలేం, ఎన్నికల కోడ్ వస్తే అవీ ఆగుతాయి. ఎన్నికల వేళ ఇంకో ప్రమాదం ఉంది: వార్త రూపంలో అమ్ముకునే ప్రకటన. పెయిడ్ న్యూస్ మీద ప్రెస్ కౌన్సిల్ 2010లోనే నివేదిక ఇచ్చింది. ఈ దారిలో ఒక్కసారి నడిచిన చిన్న పత్రికను తర్వాత ఎవరూ నమ్మరు. మన ఊళ్లలో ఎవరు ఎంత తీసుకున్నారో అందరికీ తెలుస్తుంది.

యూట్యూబ్ ప్రకటనలు వీటన్నిటికంటే సులువని చాలామంది అనుకుంటారు. వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉంటే పెద్ద వీడియోల మీద వచ్చే ప్రకటన రాబడిలో 55 శాతం చానెల్‌కు వస్తుంది. ఎవరినీ బతిమాలనక్కర్లేదు, ఏ కాలేజీ ఫోన్ చేయదు. అయితే ఈ డబ్బు చూపుల (వ్యూస్) లెక్కన వస్తుంది, జిల్లా వార్తకు వీలుకానిది అదే. పాతూరులో నాలుగు రోజులుగా కొళాయి రాలేదన్న వీడియో ఆ నాలుగు వీధులకే కావాలి. వాళ్లందరూ చూసినా అది కొన్ని వందల చూపులే. అదే ఎక్కడో జరిగిన గొడవ వీడియో అయితే లక్షల మంది చూస్తారు. మూడు నెలలు ఈ లెక్కల్ని చూస్తూ కూర్చున్న కుర్రవాడు నాలుగో నెల కొళాయి వీడియో తీయడం మానేస్తాడు. తప్పు అతనిది కాదు, అతనికి కూలి ఇచ్చే పద్ధతిది.

చందా డబ్బు వేరే రకం

చందా అంటే పాల వాడిక లాంటిది. వాడిక ఇల్లు ఒక్కొక్కటీ ఇచ్చేది చిన్న మొత్తమే, కానీ నలభై వాడిక ఇళ్లున్న పాలామె రేపు ఎన్ని పాలు పోయాలో ఈ రాత్రే చెప్పగలదు. హోటల్‌కు పోసే ఆమెకు ఒక్కచోటే క్యాన్ ఖాళీ అవుతుంది, హోటల్ వాడు వద్దంటే ఆ రోజు పాలన్నీ మిగిలిపోతాయి. ప్రకటనల మీదే నడిచే పత్రిక హోటల్‌కు పాలు పోస్తోంది.

నాలుగు వందల మంది చందాదారుల్లో ఒకరికి కోపం వచ్చి మానేస్తే నష్టం వంద రూపాయలు. నలుగురు ప్రకటనకర్తల్లో ఒకరికి కోపం వస్తే పావు వంతు ఆదాయం. ఆ జూన్ రాత్రి మా డెస్కులో లేని ధైర్యానికి కారణం ఈ చిన్న లెక్కే.

కొళాయి వార్తకు కూలి దొరికేదీ ఇక్కడే. చూపుల లెక్కలో ఆ నాలుగు వీధులు పనికిరావు. చందా లెక్కలో వాళ్లే అసలు గిరాకీ, ఎందుకంటే ఆ వార్త వాళ్లకు ఇంకెక్కడా దొరకదు. ప్రకటనకు విస్తారంగా చదివించే వార్త కావాలి, చందాకు లోతుగా అవసరమయ్యే వార్త కావాలి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆ దృశ్యాలు రాష్ట్రాలన్నీ చూశాయి, ప్రతి చానెల్‌కూ చూపులు వచ్చాయి. గేటు స్థానంలో స్టాప్‌లాగ్‌లు (నీళ్లు ఆపే తాత్కాలిక ఉక్కు పలకలు) దించాక కెమెరాలు వెళ్లిపోయాయి. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) కింద ఉన్న రైతుకు అసలు ప్రశ్న అప్పుడు మొదలైంది: నీళ్లు ఎంత మిగిలాయి, మన కాలువకు ఎన్నాళ్లు వదులుతారు, ఏ పంట వేసుకోవాలి? ఆ రోజువారీ సమాచారానికి డబ్బిచ్చేది ఆ రైతు ఒక్కడే.

బయట ఏం జరిగిందో కొద్దిగా చూద్దాం. అమెరికా పత్రిక న్యూయార్క్ టైమ్స్ 2011 మార్చిలో తన వెబ్‌సైట్‌కు చందా గోడ కట్టింది, అంటే చందా కడితేనే పూర్తిగా చదవనిచ్చింది. 2012కల్లా పాఠకుల నుంచి వచ్చే డబ్బు ప్రకటనల డబ్బును దాటింది, 2023 చివరికి చందాదారులు కోటి దాటారు. అందులో వంటలు, ఆటలు కూడా కలిపి అమ్మారు, 2022లో వర్డిల్ ఆటను కొన్నది అందుకే. బ్రిటన్ పత్రిక గార్డియన్ మాత్రం గోడ కట్టకుండా, వార్త అందరికీ తెరిచి ఉంచి, ఇష్టమున్నవాళ్లు ఇవ్వండని అడిగి నిలబడింది. మన దేశంలో న్యూస్‌లాండ్రీ అనే వార్తా సైట్ 2012లో మొదలై ప్రకటనలు వద్దనుకుని పాఠకుల డబ్బు మీద నడుస్తోంది, బెంగళూరులో 2016లో మొదలైన ది కెన్ చందా కడితేనే చదవనిస్తుంది. ఇవన్నీ ఇంగ్లిషు చదివే, కార్డు వాడే పెద్ద ప్రపంచాన్ని నమ్ముకున్నవి. వాటి ధర, వాటి గోడ ఎత్తు మనకు పనికిరావు. పనికొచ్చేది ఒక్కటే: ఏ ఒక్క చేతి డబ్బూ సంస్థను శాసించేంత పెద్దది కాకుండా చూసుకోవడం.

తెలుగులో మాత్రం ఈ ఆలోచన కొత్తది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను మొదలుపెట్టేనాటికే 1893 నుంచి ఆయన చేతిలో అమృతాంజనం వ్యాపారం ఉంది. పత్రిక ఒక్క ఆదాయం మీదే నిలబడదని ఆ తరానికి తెలుసు. మన రైతులకూ తెలుసు, శనక్కాయ మధ్యలో కంది సాళ్లు ఊరికే వేయరు. శనక్కాయ బెట్టకు పోయినా ఆలస్యంగా పడే వానకు కంది కోలుకుంటుంది.

చందాకు ఉన్న లోపాలు కూడా నిజాయితీగా చెప్పాలి. మొదటిది, అది చాలా మెల్లగా పెరుగుతుంది. రెండోది, మానేసేవాళ్లు. నెలకు నూటికి ఐదుగురు మానేస్తే తక్కువే అనిపిస్తుంది, ఏడాది తిరిగేసరికి వందలో 54 మందే మిగులుతారు. మూడోది నన్ను బాగా కలవరపెట్టేది: డబ్బు కట్టేవాడి ఇష్టాలు వార్తలోకి జొరబడతాయి. ఒక పార్టీ అభిమానులు ఎక్కువగా చందా కట్టారంటే, వాళ్ల నాయకుడి మీద వార్త రాసేటప్పుడు చెయ్యి వణుకుతుంది. కాలేజీకి భయపడటం మానేసి చందాదారుల గుంపుకు భయపడితే మనం సాధించిందేమీ లేదు. అలాంటి వార్త వేసిన రోజు కొందరు మానేస్తారు. ఆ దెబ్బ తట్టుకోవడానికి ప్రకటనల డబ్బు పక్కన ఉండాలి. రెండూ కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

నాలుగో సంగతి, ఉపాధి హామీ కూలికి వెళ్లే మనిషి నెలకు వంద రూపాయలు వార్తకు పెట్టలేడు. రేషన్, పింఛను, ఆసుపత్రి, తుఫాను హెచ్చరిక, బళ్ల సెలవులు, పథకాల గడువులు గోడ వెనక పెట్టకూడదు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

కాగితం మీద లెక్క

ఒక చిన్న సంస్థ అనుకుందాం. ఇద్దరు విలేకరులకు 16,000 చొప్పున 32,000. వీడియో ఎడిటింగ్ 14,000. గది అద్దె, కరెంటు, నెట్ 10,000. పెట్రోలు, ఫోన్లు 7,000. నడిపే మనిషికి 20,000. మొత్తం నెలకు 83,000.

చందా నెలకు 99 రూపాయలు. పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే సేవ) ఖర్చు పోను చేతికి 96 అనుకుందాం. మొత్తం ఖర్చు చందాతోనే గట్టెక్కాలంటే 865 మంది కావాలి. మొదటి ఏడాదిలో అది పెద్ద అంకె, దాన్ని గోడ మీద రాసుకుంటే గుండె జారుతుంది. అదే ఇద్దరు విలేకరుల 32,000 మాత్రమే చందాతో రావాలనుకుంటే 334 మంది చాలు. అది ఒక పట్టణంలో సాధ్యమయ్యే అంకె. మిగతా 51,000 ప్రకటనలతో తెచ్చుకోండి. తర్వాతి ఏడాది వీడియో ఎడిటర్ జీతం, ఆపై నడిపే మనిషి జీతం చందా వైపు జరపండి.

ప్రకటనల వైపు కూడా ఒక గీత గీసుకోండి: ఏ ఒక్క ప్రకటనకర్త వాటా మొత్తం ఆదాయంలో పదో వంతు దాటకూడదు. ఒక పెద్ద ఫుల్ పేజీ కంటే టైలర్, మెకానిక్ షెడ్డు, డెంటిస్టు, ట్యూషన్ సెంటర్, ఉగ్గాని బజ్జీ బండి ఇచ్చే ఇరవై చిన్న ప్రకటనలు మంచివి. తిరగడం ఎక్కువే, కానీ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి వార్త ఆపమనే బలం వాళ్లలో ఎవరికీ ఉండదు.

పన్నుల తేడా కూడా చూసుకోండి. అచ్చు పత్రిక అమ్మకం మీద జీఎస్టీ లేదు, అచ్చు ప్రకటన మీద 5 శాతం, ఆన్‌లైన్ ప్రకటన మీద, ఆన్‌లైన్ వార్తా చందా మీద 18 శాతం. సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. పై ఉదాహరణలో ఏడాదికి 10 లక్షల దగ్గరే ఉంటాం. పెరిగే కొద్దీ 99లో పన్ను ఎవరు భరిస్తారన్నది ధర పెట్టేటప్పుడే ఆడిటర్‌తో మాట్లాడుకోవాలి.

ఎవరు ఏ దారి పట్టాలి

అచ్చు వారపత్రిక అయితే సందేహం అక్కర్లేదు, వార్షిక చందా పెట్టండి. మన పెద్దలకు చందాదారు అనే మాట అలవాటే, పోస్టులో పత్రిక తెప్పించుకున్న తరం ఇంకా ఉంది. రైతుల దగ్గర సంక్రాంతి తర్వాత, కాయ అమ్ముకున్నాక అడగాలి. ఉద్యోగుల దగ్గర నెల మొదటి వారంలో.

వాట్సాప్ లేదా ఆప్ సేవ అయితే చందాకే మొదటి చోటు. అనంతపురం చీనీ (బత్తాయి) మార్కెట్ ధర, కర్నూలు ఉల్లి, ఆదోని పత్తి, మదనపల్లె టమాటా, హంద్రీ–నీవా కాలువ నీళ్ల కబురు, కరెంటు కోతల వేళలు: ఇవి పొద్దున్నే సరిగ్గా ఇస్తే డబ్బు కట్టే మనిషి ఉంటాడు. ఒక లోడు చీనీ కాయలు ఏ రోజు కోయాలో తేల్చుకునే రైతుకు నెలకు 99 పెద్ద లెక్క కాదు. ధర తప్పు పెట్టారో, ఒక్క రోజులో పరువు పోతుంది. అందుకే ఈ పనికి మార్కెట్‌లో నిలబడి రాసుకునే మనిషి కావాలి, ఇంకెవరి పోస్టో ఎత్తి పెట్టడం కుదరదు.

యూట్యూబ్ చానెల్ అయితే చూపుల డబ్బు వస్తుంటే తీసుకోండి, దాన్ని జీతాల్లో లెక్క వేయకండి. మెంబర్‌షిప్ (చూసేవాళ్లు చానెల్‌కు నెలనెలా డబ్బు కట్టే సభ్యత్వం) పెడితే అందులో 70 శాతం మీకు వస్తుంది. ఇక్కడ ఒక మాట చిక్కు ఉంది. పదేళ్లుగా ప్రతి చానెలూ "సబ్‌స్క్రైబ్ చేయండి, బెల్ నొక్కండి" అని చెప్పి చెప్పి, సబ్‌స్క్రైబ్ అంటే ఉచితమని జనానికి నాటుకుపోయింది. డబ్బు అడిగేటప్పుడు ఆ మాట వాడకండి. చందా అనండి. వినాయక చవితి పందిరికి చందా ఇచ్చే ఊరికి ఆ మాటలో డబ్బూ ఉంది, ఇది మనది అన్న భావమూ ఉంది.

ఊరు విడిచి వెళ్లినవాళ్లను మరచిపోవద్దు. కడప, రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు, హిందూపురం, అనంతపురం నుంచి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నవాళ్లు సొంత ఊరి కబురుకు మొహం వాచి ఉంటారు. అక్కడి అంగళ్ల ప్రకటనలు మనకు రావు, చందా వస్తుంది. కువైట్ నుంచి కట్టడం ఇబ్బందైతే ఇంట్లోవాళ్ల చేత కట్టిస్తారు. తల్లిదండ్రులు ఉన్న వీధిలో నీళ్లు వచ్చాయో లేదో తెలుసుకోవడానికి ఆ మనిషి కట్టే డబ్బు చాలా విలువైంది, దానికి తగ్గ వార్త ఇవ్వాలి.

అడిగే పద్ధతి

యూపీఐ ఆటోపే 2020 నుంచి ఉంది, పెట్టుకోండి. ప్రతి నెలా గుర్తు చేసి వసూలు చేయడంలో సగం మంది జారిపోతారు. ఆటోపేలో డబ్బు కట్ అయ్యే ముందు రోజే మెసేజ్ వెళ్తుంది, అది మంచిదే. మానేసే దారి కూడా అంత సులువుగా, కనబడేలా ఉంచండి. తప్పించుకోలేక కట్టినవాడు ఊరంతా చెప్తాడు.

డబ్బు ఎక్కడికి పోతోందో ఏడాదికి ఒకసారి ఒక పేజీలో అచ్చు వేయండి. చందా ఇంత, ప్రకటనలు ఇంత, జీతాలు ఇంత. పందిరి చందా లెక్క చివరి రోజు మైకులో చదువుతారు కదా, అలాగే.

చందా ప్రకటించే ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని, అడగ్గానే కడతారని మీకు నమ్మకమున్న 50 మంది పేర్లు రాయండి. బంధువులు, స్నేహితులు ఆ లెక్కలోకి రాకూడదు. మీ వార్త వల్ల ఏదో ఒక పని జరిగినవాళ్లు కావాలి: కొళాయి వచ్చిన వీధి మనిషి, పింఛను తిరిగి మొదలైన అవ్వ కొడుకు, మీరు చెప్పిన ధరకు కాయ అమ్ముకున్న రైతు. యాభై పేర్లు రాకపోతే ఇంకా చందా పెట్టకండి. మూడు నెలలు ఒకే పని, ఒకే ఊరు పట్టుకుని, ప్రకటనల మీద ఎలాగో నెట్టుకొస్తూ తిరగండి, తర్వాత మళ్లీ అదే కాగితం తీయండి.